పిడుదు చచ్చిందా కాదు, గుడ్డు పిల్లయిందా: ఒక పాడి మంద కేస్ స్టడీ

మొక్కల నుంచి తీసిన మందులతో పిడుదుల్ని అదుపు చేద్దామని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో రోజుకే వదిలేస్తారు. సాయంత్రం పిచికారీ చేస్తారు, పొద్దున్నే పొదుగు దగ్గర వెతుకుతారు. పిడుదులు అక్కడే ఉంటాయి, లాగితే కాళ్లు ఆడిస్తాయి. "ఇది పనిచేసేది కాదు" అని పాత రసాయనం డబ్బా మళ్లీ బయటికి తీస్తారు. వేపగింజల సారం చేసే అసలు పని అలా చూస్తే కనపడదు. ఆ పని ఆడ పిడుదు అండాశయంలో జరుగుతుంది, దాని ఫలితం వారాల తర్వాత నేల మీద తెలుస్తుంది. ఆ ఫలితాన్ని ఎలా కొలవాలో, ఎంతవరకు నమ్మాలో ఒక మంద ద్వారా చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. పశువైద్యులకీ, పాడి నడిపేవాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాసే ప్రయత్నం చేశాను.

మంద పరిస్థితి

ఇరవైకి పైగా సంకరజాతి ఆవులు, వాటి దూడలు. పగలు కొంతసేపు మేతకు బయట తిరుగుతాయి, మిగతా సమయం షెడ్డులోనే. యజమాని వయసులో పెద్దావిడ. ప్రతి ఆవు ఈత, పాల లెక్క ఆవిడకి నోటికి వచ్చు. కొన్నేళ్లుగా ఒకే వర్గం పిడుదుల మందు వాడుతున్నారు, సైపర్‌మెత్రిన్ అనే రసాయనం. మొదట్లో బాగా పనిచేసిందట. తర్వాత మోతాదు పెంచారు, తర్వాత వారానికోసారి కొట్టారు. మధ్యలో ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు కూడా పడ్డాయి. నేను వెళ్లేసరికి గంగడోలు కింద, చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగుకీ తొడకీ మధ్య పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. వాటిలో రక్తం తాగి ఉబ్బిన ఆడవి ఆముదపు గింజంత ఉన్నాయి.

ముఖభాగాలు, కాళ్లు లెన్స్ కింద చూస్తే ఎక్కువ శాతం రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అని తేలింది. చారల కాళ్ల హయలోమా కూడా కొన్ని ఉన్నాయి. ఏ జాతి అన్నది ముందే తేల్చుకోవడం చాలా అవసరం, ఎందుకంటే ఈ రెండింటి జీవనచక్రాలు వేరు. మైక్రోప్లస్ ఒకే పశువు మీద పిల్ల పిడుదుగా ఎక్కి, అక్కడే రెండుసార్లు కుబుసం విడిచి, అక్కడే జతకట్టి, ఆడది రక్తం నింపుకుని దిగిపోతుంది. మొత్తం దాదాపు మూడు వారాలు. హయలోమా అలా కాదు, మధ్యలో పశువుని వదిలి గోడ పగుళ్లలోకి వెళ్లి, మళ్లీ ఇంకో పశువుని ఎక్కుతుంది. మైక్రోప్లస్ ఎక్కువగా ఉన్న మందలో పశువు ఒంటి మీద చేసే చికిత్సకి విలువ ఎక్కువ, ఎందుకంటే అది ఒకసారి ఎక్కాక గుడ్లకి సిద్ధమై దిగేదాకా మనకి అందుబాటులోనే ఉంటుంది.

ముందు జ్వరం సంగతి

పిడుదుల గురించి మాట్లాడుకునే ముందు ఒక ఆవుని చూడాల్సి వచ్చింది. మేత మానేసింది, జ్వరం బాగా ఉంది, మూత్రం కాఫీ రంగులో పోస్తోంది. చెవి కొస నుంచి తీసి గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తంలో (స్మియర్) ఎర్రకణాల లోపల జంటగా ఉన్న బబీసియా, అంటే పిడుదులు మోసుకొచ్చే పరాన్నజీవి, కనపడింది. దానికి మందైన డిమినాజిన్ ఇచ్చాం, రక్తహీనతకి తగ్గ సపోర్ట్ ఇచ్చాం, ఆవు నిలబడింది. ఒక దూడకి భుజం ముందు గ్రంథి వాచి ఉంది కాబట్టి థైలీరియా అనే మరో పిడుదు జబ్బు కోసం దాని స్మియర్ కూడా చూశాం. అందులో ఏమీ దొరకలేదు, అయినా కొన్ని రోజులు జ్వరం చూసుకోమని చెప్పి వచ్చాను.

ఏ మొక్క సారమూ ఈ జబ్బులకి మందు కాదు. ఒంట్లో బబీసియా ఉన్న ఆవుకి వేపనూనె రాస్తూ కూర్చుంటే ఆవు పోతుంది. ఇందులో మొహమాటానికి చోటు లేదు. కానీ ఈ జబ్బుకీ పిడుదు గుడ్లకీ ఒక దగ్గరి సంబంధం ఉంది. బబీసియా బైజెమినా తల్లి పిడుదు నుంచి గుడ్డులోకి వెళ్తుంది. ఇంకా పశువుని కుట్టని పిల్ల పిడుదు కూడా జబ్బుని మోసుకునే పుడుతుంది. అంటే గుడ్లు తగ్గితే పిడుదుల సంఖ్యతో పాటు జబ్బుని మోసే తర్వాతి తరం కూడా తగ్గుతుంది. థైలీరియా విషయం వేరు. అది గుడ్డు ద్వారా దాటదు, ఒక దశలో తాగిన రక్తం నుంచి తర్వాతి దశకి వెళ్తుంది. బబీసియా ఉన్న ఈ మందలో పునరుత్పత్తి మీద దెబ్బకొట్టే పద్ధతి నన్ను ఆకర్షించడానికి ఇదే పెద్ద కారణం.

ఆడ పిడుదు కడుపులో ఏం జరుగుతుంది

పశువు మీద నుంచి దిగిన ఆడ మైక్రోప్లస్‌కి ఇక తిండి అక్కర్లేదు. వెచ్చని వాతావరణంలో రెండు నుంచి నాలుగు రోజులు ఒక చీకటి మూల కదలకుండా ఉండి, ఆ తర్వాత రెండు వారాల పాటు గుడ్లు పెడుతూనే ఉంటుంది. రెండు మూడు వేల గుడ్లు. దాని ఒంటి బరువులో దాదాపు సగం గుడ్లుగా మారుతుంది. తర్వాత ఎండిపోయి చచ్చిపోతుంది. కాబట్టి దిగి గుడ్లు పెట్టేసిన పిడుదుని చంపడం వల్ల మనకి ఒరిగేది పెద్దగా లేదు, అది ఎలాగూ చస్తుంది. అది వదిలి వెళ్లే గుడ్లే మన సమస్య.

ఆ గుడ్డు తయారవడానికి చాలా పనులు వరసగా జరగాలి. తాగిన రక్తంలోని ప్రోటీన్లతో పిడుదు పేగు గోడలో, కొవ్వు కణజాలంలో విటెల్లోజెనిన్ అనే పచ్చసొన ప్రోటీన్ తయారవుతుంది. రక్తానికి ఎర్రరంగు ఇచ్చే హీమ్ అనే పదార్థాన్ని పిడుదు సొంతంగా తయారు చేసుకోలేదు. ఆవు రక్తం నుంచి తెచ్చుకున్న హీమ్‌ని ఈ ప్రోటీనే మోసుకెళ్తుంది. అది ఒంట్లోని ద్రవం గుండా అండాశయం చేరి, అండకణంలోకి వెళ్లి, కణికలుగా పేరుకుంటుంది. ఈ మొత్తానికి సిగ్నల్ ఇచ్చేది 20-హైడ్రాక్సీఎక్డైసోన్ అనే హార్మోన్. కీటకాల్లో గుడ్ల తయారీని నడిపే జువెనైల్ హార్మోన్ పిడుదుల్లో దొరకలేదు. అందుకే పురుగుల మందుల పుస్తకంలో ఉన్నదంతా పిడుదులకి అలాగే వర్తిస్తుందని అనుకోకూడదు.

వేపలోని అజాడిరాక్టిన్‌ని 1968లో వేరుచేశారు. కీటకాల్లో ఇది ఎక్డైసోన్ విడుదలని చెడగొట్టి కుబుసం విడవకుండా, గుడ్లు సరిగ్గా తయారవకుండా చేస్తుంది. పిడుదుల్లో కూడా ఇదే దిశలో ఫలితం కనపడుతుంది. వేప సారం తగిలిన ఆడ పిడుదుల అండాశయాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు అండకణాల్లో ఖాళీ బుడగలు ఏర్పడటం, పచ్చసొన కణికలు చెదిరిపోవడం నమోదైంది. పిడుదు నడుస్తుంది, కాళ్లు ఆడిస్తుంది, కానీ లోపల గుడ్లు సరిగ్గా ఎదగవు.

ఇంకొక మెట్టు కూడా ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు పిడుదు తల వెనక నుంచి ఒక మెత్తని అవయవం బయటికి పొడుచుకొచ్చి ప్రతి గుడ్డుకీ మైనం పూత పూస్తుంది. దీన్ని జీనే అవయవం అంటారు. ఈ పూతే గుడ్డుని ఎండిపోకుండా కాపాడుతుంది, గుడ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉండేలా చేస్తుంది. పూత పడని గుడ్డు కొద్ది రోజుల్లో వడలి, నొక్కుకుపోయి, నల్లబడుతుంది. తర్వాత డిష్‌లో మాకు కనపడినదాన్ని అర్థం చేసుకోవడానికి ఇది ఉపయోగపడింది.

డిష్‌లో పరీక్ష

ఆవు మీద కొట్టే ముందు డిష్‌లో చూడటం నా పద్ధతి. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మిల్లీగ్రాముల దాకా తూచే త్రాసు, పెట్రీ డిష్‌లు, తేమ నిలిపే మూతపెట్టె, 27–28 డిగ్రీల వేడి, 80 శాతానికి పైగా తేమ ఉంటే చాలు.

ఉబ్బిన ఆడ పిడుదుల్ని తెల్లవారుజామున పాలు పిండే సమయంలో సేకరించాం. మైక్రోప్లస్ ఆడవి ఎక్కువగా ఆ వేళకే దిగుతాయి, కాబట్టి అప్పుడు తేలిగ్గా ఊడి వచ్చేవి పూర్తిగా నిండినవి. కాళ్లు విరిగినవి, చిన్నవి పక్కన పెట్టి, ప్రతి గుంపు మొత్తం బరువు దాదాపు సమానంగా వచ్చేలా విడదీశాం. బరువు సమానం చేయకుండా గుడ్లు పోల్చితే ఆ పోలికకి అర్థం ఉండదు, ఎందుకంటే పెద్ద పిడుదు ఎలాగూ ఎక్కువ గుడ్లు పెడుతుంది.

ఒక్కో గుంపుని ఒక్కో ద్రవంలో ఐదు నిమిషాలు ముంచి, కాగితం మీద ఆరబెట్టి, డిష్‌లో పెట్టాం. ఒక గుంపుకి ఉత్త నీళ్లు. ఒకదానికి నూనెని నీళ్లలో కలపడానికి వాడే ఎమల్సిఫయర్ మాత్రమే. మందు లేకుండా పోలిక కోసం పెట్టే గుంపుని కంట్రోల్ అంటారు, ఈ రెండో కంట్రోల్‌ని చాలామంది వదిలేస్తారు. సబ్బు లాంటి పదార్థం కూడా పిడుదు ఒంటి మైనాన్ని కరిగించి కొంత నష్టం చేస్తుంది, ఆ నష్టాన్ని వేప ఖాతాలో రాసుకోకూడదు. ఇంకో గుంపుకి వాళ్లు వాడుతున్న సైపర్‌మెత్రిన్, లేబుల్ మీద ఉన్న మోతాదులో. ఒకదానికి వేపగింజల పప్పు సారం, లీటరు నీళ్లకి 50 గ్రాముల పొడి రాత్రంతా నానబెట్టి వడకట్టింది. చివరిదానికి వాము నూనె ఎమల్షన్, ఇందులో థైమాల్ అనే ఘాటైన పదార్థం ఎక్కువగా ఉంటుంది.

మర్నాడు యజమానురాలికి డిష్‌లు చూపించాను. వేప డిష్‌లో ఒకటి రెండు తప్ప అన్నీ బతికే ఉన్నాయి.

"ఇవి చావలేదు కదా డాక్టర్ గారూ?"

"చావలేదమ్మా. గుడ్లు పెట్టనివ్వండి, తర్వాత చూద్దాం."

రెండు వారాలకి తేడా కంటికే తెలిసింది. నీళ్ల డిష్‌లో ప్రతి పిడుదు ముందు మెరిసే గోధుమరంగు గుడ్ల ముద్ద ఉంది, డిష్ వంచినా కదలలేదు. సైపర్‌మెత్రిన్ డిష్ దాదాపు అలాగే ఉంది. ఆ మందులో మునిగిన పిడుదులు గుడ్లు పెట్టి, ఆ గుడ్లు పిల్లలయ్యాయంటే ఆ మందలో ఆ మందుకి నిరోధకత వచ్చేసిందని అనుకోవడానికి గట్టి ఆధారం. వేప డిష్‌లో గుడ్లు తక్కువ. ముద్దగా అంటుకోలేదు, డిష్ వంచితే రవ్వలా జారాయి. కొన్ని రోజులకి వాటిలో చాలా భాగం నొక్కుకుపోయాయి. వాము నూనె డిష్‌లో చాలా పిడుదులు చచ్చిపోయాయి, మిగిలినవి పెట్టిన కొద్ది గుడ్లు కూడా ఎండాయి.

గుడ్లని తూచి, గాజు గొట్టాల్లో వేసి, దూదితో మూసి, పిల్లలయ్యేదాకా ఉంచాలి. ఈ వేడికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గొట్టాలని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. పిల్ల పిడుదు చాలా చిన్నది, దూది సందు దొరికితే బయటపడుతుంది. లెక్క అయ్యాక మరిగే నీళ్లలో వేసేయాలి. మందు పరీక్ష పేరుతో షెడ్డులోకి కొత్త తరాన్ని వదలకూడదు.

ఇక లెక్క. డ్రమ్మండ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 1973లో ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. గుడ్ల బరువుని పిడుదుల బరువుతో భాగించి, పిల్లలైన శాతంతో, 20,000తో గుణిస్తే పునరుత్పత్తి అంచనా వస్తుంది. ఒక గ్రాము గుడ్లలో సుమారు 20,000 గుడ్లు ఉంటాయి, ఆ సంఖ్య అక్కడి నుంచి వచ్చింది. సూత్రం అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చెబుతాను. కంట్రోల్ గుంపులో పిడుదుల బరువు 2 గ్రాములు, గుడ్లు 1 గ్రాము, 90 శాతం పిల్లలయ్యాయి అనుకుందాం. అంచనా 9,00,000. మందు గుంపులో అదే 2 గ్రాములకి గుడ్లు 0.4 గ్రాము, 30 శాతమే పిల్లలయ్యాయి. అంచనా 1,20,000. తగ్గుదల దాదాపు 87 శాతం. ఇందులో ఒక్క పిడుదు కూడా చావక్కర్లేదు. గుడ్ల బరువు ఒక్కటే చూసి ఆపేసి ఉంటే 60 శాతం అని రాసుకునేవాళ్లం. చచ్చినవాటిని లెక్కపెట్టి ఉంటే సున్నా అని రాసుకునేవాళ్లం. ఒకే మందుకి మూడు తీర్పులు, మూడింటిలో మొదటిదే మందకి పనికొచ్చేది.

ఏది ఎందుకు ఎంచుకున్నాం

డిష్‌లో వాము నూనెదే పైచేయి. అయినా దాన్ని ఆవు మీద వాడలేదు. థైమాల్, కార్వాక్రాల్ లాంటివి ఆవిరైపోతాయి, పనిచేసేంత గాఢత ఒంటి మీద నిలపాలంటే చర్మం మండుతుంది. పొదుగు చర్మం పల్చన. దూడలు ఒకదాన్నొకటి నాకుతాయి. పశువుల్ని బయటికి తోలాక గోడ పగుళ్లలో, గాడి కింద సందుల్లో కొట్టడానికి దాన్ని ఉంచుకున్నాం. ఈ నూనెలు వాడే షెడ్డులో పిల్లులుంటే దూరంగా ఉంచాలి, థైమాల్ లాంటి ఫినాల్ రకం పదార్థాలని పిల్లి కాలేయం సరిగ్గా వదిలించుకోలేదు.

సీతాఫలం గింజల గురించి చాలామంది అడుగుతారు. వాటిలోని అసిటోజెనిన్లు కణంలో శక్తి తయారయ్యే మొదటి మెట్టునే ఆపేస్తాయి, పిడుదు మీద గట్టిగా పనిచేస్తాయి. ఆ గింజల పొడి కంట్లో పడితే కంటి పొరకి తీవ్రమైన దెబ్బ తగులుతుంది, పశువుకైనా పిచికారీ చేసేవాళ్లకైనా. ముఖం, చెవుల చుట్టూ కూడా కొట్టాల్సిన మందుగా దాన్ని నేను సిఫారసు చేయను. వస కొమ్ము నూనెలో ఉండే బీటా-అసరోన్ కీటకాల్లో గొడ్డుతనం తెస్తుందని ఎప్పటినుంచో తెలుసు, కానీ ఎలుకల మీద అది క్యాన్సర్ కలిగించింది. పాలిచ్చే పశువు మీద దాని ప్రస్తావనే వద్దు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనే మాట పశువైద్యంలో ప్రమాదకరమైన మాట.

పంటలకి అమ్మే అజాడిరాక్టిన్ సీసాలు కూడా ఒంటి మీద వాడొద్దు. లేబుల్ మీద ఉన్న పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) సంఖ్య అజాడిరాక్టిన్‌దే. మిగతా సీసాలో పశువు చర్మం కోసం తయారుకాని ద్రావకాలు కూడా ఉంటాయి.

ఆవు మీద

డిష్‌లో పిడుదు ఐదు నిమిషాలు పూర్తిగా మునుగుతుంది. ఆవు మీద వెంట్రుకల మధ్య ఉన్న పిడుదుకి కొన్ని చుక్కలే అందుతాయి, అవి కూడా ఎండకి పాడవుతాయి. అజాడిరాక్టిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకి త్వరగా విరిగిపోతుంది. క్షారగుణం ఉన్న నీళ్లలో కూడా నిలవదు, కాస్త ఆమ్లగుణం ఉంటేనే ఎక్కువసేపు ఉంటుంది. వాళ్ల బోరు నీళ్లని పీహెచ్ కాగితంతో చూస్తే క్షారం వైపు ఉంది. అందుకని పట్టిన వాన నీళ్లు వాడమన్నాను. బట్టల సబ్బు కలపడం మాన్పించి, క్షారం లేని ఎమల్సిఫయర్ ఇచ్చాను. సారం ఏ రోజుది ఆ రోజే. గింజలు బూజు పట్టనివి, నీడలో ఆరినవి. ఆకులతో చేసిన కషాయంలో అజాడిరాక్టిన్ చాలా తక్కువ, పప్పులోనే అది ఎక్కువగా ఉంటుంది.

పిచికారీ సమయం మీద నేను పట్టుబట్టాను. సాయంత్రం, పాలు పిండాక. ఎండ ఉండదు, వాసన పాలకి అంటదు, పొదుగు కడిగి పిండడానికి రాత్రంతా సమయం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం, మర్నాడు తెల్లవారుజామున దిగబోయే ఆడ పిడుదులు ఆ రాత్రి ఇంకా ఒంటి మీదే ఉంటాయి. పచ్చసొన పేరుకోవడం మొదలయ్యేది వాటిలోనే. వాటికి మందు తగలడానికి అదే ఆఖరి అవకాశం. గంగడోలు మడతలు, చెవి లోపలి అంచు, తోక కింద, తొడల మధ్య స్పాంజితో రుద్దించాం. వీపు మీద ధారాళంగా కొట్టి కింద వదిలేయడం అందరూ చేసే పని, పిడుదులు మాత్రం కిందే ఉంటాయి.

ఎన్నిసార్లు అన్నదానికి పిడుదే సమాధానం చెబుతుంది. ఒంటి మీద దాని కాలం మూడు వారాలు. రోజూ కొన్ని పండుతూనే ఉంటాయి. సారం ప్రభావం కొద్ది రోజులే. కాబట్టి మూడు వారాలకోసారి అనే రసాయనాల లెక్క ఇక్కడ పనికిరాదు. వారానికి ఒకటికి మించి పిచికారీలతో కనీసం రెండు పూర్తి చక్రాలు వదలకుండా చేయాలని నిర్ణయించుకున్నాం. మొదట ఒక ఆవు మెడ మీద చిన్న చోట రాసి ఒక రోజు చూశాం, ఎర్రబడలేదు. దూడల విషయంలో వారం వయసు దాటనివాటిని పూర్తిగా వదిలేసి, చేత్తో ఏరించాం.

లెక్క ఎప్పుడు తగ్గింది

పిడుదుల్ని ఎలా లెక్కపెట్టాలన్నదానికి వార్టన్, యుటెక్ అనే పరిశోధకులు 1970లో పెట్టిన పద్ధతి ఉంది. పొద్దున్నే ఆవుకి ఒక పక్కన మాత్రమే, 4.5 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉన్న ఆడ పిడుదుల్ని లెక్కపెట్టాలి. ఆ సైజులో ఉన్నవి మరో రోజులో దిగిపోయేవి. చిన్నవాటిని పట్టించుకోవద్దు. ఒక అట్టముక్కకి ఆ కొలతల్లో రెండు కన్నాలు చేసి ఇచ్చాను. ఆవిడ మనవరాలు ఆ పని తీసుకుని ప్రతిసారీ అవే కొన్ని ఆవుల్ని, అదే పక్కన లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసింది. నేను ఎన్నో ఫామ్‌ల్లో అడిగి సాధించలేకపోయిన క్రమశిక్షణ అది.

మొదటి చక్రంలో సంఖ్య పెద్దగా తగ్గలేదు. తగ్గదని ముందే చెప్పాను. మేత నేలలో అంతకు ముందే పుట్టి ఉన్న పిల్ల పిడుదులు గడ్డి కొసల మీద కాచుకుని ఉంటాయి, తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. వాటికి మన సారంతో సంబంధం లేదు, అవి ఎక్కుతూనే ఉంటాయి. మనం ఈ వారం ఆపిన గుడ్లు పిల్లలై ఎక్కాల్సింది నెలన్నర తర్వాత. ఆ ఖాళీ కనపడేది అప్పుడే.

ఈ మధ్యకాలంలో ఆగిపోకుండా ఉండటానికి ఇంకో పరీక్ష ఉంది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించిందీ అదే. పిచికారీ చేసిన ఆవుల మీద నుంచి మర్నాడు పొద్దున దిగుతున్న ఆడ పిడుదుల్ని తెచ్చి, ఇంకేమీ చేయకుండా డిష్‌లో పెట్టాం. చికిత్సకి ముందు తీసిన పిడుదుల లెక్క మా దగ్గర ఉంది. వేప తగిలినవి గుడ్లు తక్కువ పెట్టాయి, వాటిలో పిల్లలైనవి ఇంకా తక్కువ. డిష్‌లో ముంచినప్పుడు వచ్చినంత గొప్ప తేడా కాదు, దాదాపు సగం తగ్గుదల. ఆవు మీద పనిచేసే అసలు శక్తి అదే, నేను ఆశించింది కూడా అంతే. తరం తరానికి సగం తగ్గడమంటే చిన్న విషయం కాదు, అది ఆగకుండా సాగాలి అంతే.

రెండో చక్రం దాటాక నోట్‌బుక్‌లో అంకెలు తగ్గడం మొదలైంది. గుత్తులు పోయాయి, వెతికితే దొరికే స్థాయికి వచ్చాయి. కొత్తగా ఎర్ర మూత్రం (బబీసియా) కేసు రాలేదు. ఇందులో వేప వాటా ఎంత, మిగతావాటి వాటా ఎంత అని ఒక్క మందని చూసి తేల్చలేను. పోల్చడానికి పక్కన చికిత్స లేని మంద లేదు. పిచికారీతో పాటు మేత నేలని భాగాలుగా చేసి మార్చాం, గోడ పగుళ్లు పూడ్చాం, బాగా పట్టిన రెండు మూడు ఆవుల మీద చేత్తో ఏరించాం. ప్రతి మందలో కొన్ని ఆవులే ఎక్కువ పిడుదుల్ని మోస్తాయి, వాటిని గుర్తుపట్టి ముందు వాటి పని చూడటం వల్ల శ్రమ చాలా తగ్గింది.

ఈ పద్ధతి ఎక్కడ చాలదు

గోడల్లోని హయలోమా మీద దీని ప్రభావం నాకు తక్కువగానే కనపడింది. అది మధ్యలో దిగిపోతుంది కాబట్టి అక్కడ పగుళ్లు పూడ్చడం, గోడలకి మంట చూపించడమే ముఖ్యం. ఒంటి నిండా పిడుదులు పట్టి రక్తహీనతతో ఉన్న పశువుకి వారాల తర్వాత వచ్చే ఫలితం కోసం ఎదురుచూసే సమయం ఉండదు. దానికి వెంటనే చంపే మందు, నిరోధకత లేని వర్గం నుంచి, పాల విరామ కాలం (మందు ఇచ్చాక పాలు వాడకూడని రోజులు) పాటిస్తూ ఇవ్వాలి. ఈ మందలో అవసరమైన ఒకటి రెండు పశువులకి వేరే వర్గం రసాయనమైన అమిట్రాజ్ వాడాం, కానీ మంద మొత్తానికి కాదు. ఇంట్లో చేసిన సారానికి ఏ రోజు బలం ఎంతో చెప్పే లేబుల్ ఉండదు, గింజ మారితే బలం మారుతుంది. అందుకే కొత్త గింజలు తెచ్చిన ప్రతిసారీ ఒక డిష్ పెట్టమంటాను. నాలుగు పిడుదుల్ని సారంలో, నాలుగింటిని నీళ్లలో ముంచి, గుడ్ల ముద్ద అంటుకుందా జారిందా చూస్తే పనికొచ్చే సమాచారం దొరుకుతుంది.

పిడుదులు తగ్గాక ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా మిగిలి ఉంది: పూర్తిగా లేకుండా చేయలేమా అని. బబీసియా తిరుగుతున్న చోట నేను దానికి ఒప్పుకోను. దూడలకి మొదటి తొమ్మిది నెలలు ఈ జబ్బుని తట్టుకునే సహజ శక్తి ఎక్కువ. ఆ వయసులో కొద్దిపాటి పిడుదుల ద్వారా బబీసియా సోకితే పెద్దగా జబ్బుపడకుండానే రక్షణ వస్తుంది. ఆ వయసంతా పిడుదు ముఖం చూడకుండా పెరిగిన పడ్డ, పెద్దయ్యాక ఒకేసారి ఎదుర్కొంటే మంచాన పడుతుంది. కాబట్టి ఇప్పుడు మేం పెట్టుకున్న లక్ష్యం సున్నా కాదు. దూడల మీద కొన్ని పిడుదుల్ని ఉండనిస్తున్నాం, జ్వరం చూస్తున్నాం, అనుమానం వచ్చినదాని చెవి నుంచి స్మియర్ తీస్తున్నాం. పాలిచ్చే ఆవుల మీద నోట్‌బుక్‌లో అంకె మళ్లీ పెరిగితే సాయంత్రం పిచికారీలు మొదలవుతాయి.